మాట చోటు తప్పితే: ఇంగ్లీషు వాక్యాల్లో మోడిఫైయర్ల సంగతి

ఎమ్మెస్ కోసం అమెరికా వచ్చి, ఆ తర్వాత సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో పడ్డాక నేను రోజూ చదివేది కోడ్ కన్నా రిపోర్టులే ఎక్కువ. మనవాళ్ళు రాసిన వాటిలో స్పెల్లింగ్ తప్పులు అరుదు. ఎక్కువగా కనపడేది చోటు తప్పిన మాటలు, అంటే మిస్‌ప్లేస్డ్ మోడిఫైయర్లు. ఒక మాటని వర్ణించాల్సిన ముక్క పక్క మాటకి అతుక్కుపోవడం అన్నమాట. స్పెల్ చెకర్‌కి ఇవి దొరకవు.

1. కామా తర్వాత ఎవరు?

"వాకింగ్ టు ది ఆఫీస్, ది రెయిన్ స్టార్టెడ్." ఇంగ్లీషు లెక్కలో ఇక్కడ ఆఫీసుకి నడిచింది వాన! "ఆఫీసుకి నడిచి వెళ్తుంటే వాన మొదలైంది" అనడం తెలుగులో తప్పు కాదు. "వెళ్తుంటే" అన్నప్పుడు వెళ్ళేది ఒకరు, మొదలయ్యేది ఇంకొకటి అయినా మన భాష ఒప్పుకుంటుంది. ఇంగ్లీషులో మాత్రం కామాకి ముందు ఆ పని చేసినవాళ్ళే కామా తర్వాత కర్తగా రావాలి. దిద్దడానికి రెండు దారులు: "వాకింగ్ టు ది ఆఫీస్, ఐ గాట్ వెట్" అనండి, లేదా "వైల్ ఐ వాజ్ వాకింగ్ టు ది ఆఫీస్, ది రెయిన్ స్టార్టెడ్" అనండి.

ఇదే తప్పు అప్రైజల్‌లో పడితే నవ్వులాట కాదు. "ఆఫ్టర్ లీడింగ్ ది మైగ్రేషన్, ది డౌన్‌టైమ్ డ్రాప్డ్" అని రాశారనుకోండి. రాత్రింబవళ్ళు కష్టపడింది మీరు, వాక్యంలో మాత్రం మీరు లేరు. "ఆఫ్టర్ లీడింగ్ ది మైగ్రేషన్, ఐ కట్ ది డౌన్‌టైమ్" అంటే క్రెడిట్ మీ దగ్గరే ఉంటుంది.

2. "హర్", "హిజ్" ఉచ్చు

"బార్న్ ఇన్ రాజమండ్రి, హర్ ఫస్ట్ జాబ్ వాజ్ ఇన్ డాలస్." కామా పక్కన "హర్" ఉంది కదా అని సరిపెట్టుకోకండి. అక్కడ కర్త ఉద్యోగం, అమ్మాయి కాదు. "షీ ఫౌండ్ హర్ ఫస్ట్ జాబ్ ఇన్ డాలస్" అనాలి.

3. రెండు వైపులా చూసే మాట

"వియ్ రీస్టార్టెడ్ ది సర్వర్ దట్ క్రాష్డ్ ఆన్ మండే." సోమవారం జరిగింది క్రాషా, రీస్టార్టా? సర్వీసు ఎన్ని గంటలు ఆగిందో లెక్కగట్టే కస్టమర్‌కి ఈ తేడా డబ్బుతో సమానం. రీస్టార్ట్ చేసింది సోమవారమైతే "ఆన్ మండే"ని వాక్యం మొదట్లో పెట్టండి.

4. "ఓన్లీ", "నియర్లీ"

మన "మాత్రమే" ఏ మాటకి చెందుతుందో దాని వెనకే నిలబడుతుంది. "ఓన్లీ"ని కూడా అలాగే, కాకపోతే ఆ మాటకి సరిగ్గా ముందు పెట్టండి. "ఓన్లీ ది మేనేజర్ అప్రూవ్స్ లీవ్" అంటే మేనేజర్ తప్ప ఇంకెవరూ సెలవివ్వరు. "ది మేనేజర్ అప్రూవ్స్ ఓన్లీ లీవ్" అంటే ఆయన సెలవు తప్ప ఇంకేదీ ఇవ్వరు. "ది పాచ్ నియర్లీ ఫిక్స్‌డ్ 40 బగ్స్" అంటే ఒక్కటీ పూర్తిగా పోలేదనీ అర్థం వస్తుంది. "ఫిక్స్‌డ్ నియర్లీ 40 బగ్స్" అంటే దాదాపు 40 పోయాయి.

పరీక్షల మాట

జీమ్యాట్‌లో ఈ సూత్రాలని సెంటెన్స్ కరెక్షన్ ప్రశ్నల్లో అడిగేవారు. 2023 నవంబరులో వచ్చిన ఫోకస్ ఎడిషన్‌లో ఆ విభాగం లేదు. కాబట్టి జీమ్యాట్ రాసేవాళ్ళు పాత పుస్తకాల్లో ఆ అధ్యాయాలమీద సమయం పెట్టనక్కర్లేదు. ఇంట్లో హైస్కూలు పిల్లలుంటే మాత్రం ఇది పనికొస్తుంది: శాట్‌లోని రీడింగ్ అండ్ రైటింగ్ విభాగంలో మోడిఫైయర్ల ప్రశ్నలు ఇప్పటికీ వస్తాయి. అలాంటి ప్రశ్నలో ముందు కామా దగ్గర ఆగి, "ఈ పని చేసింది ఎవరు?" అని అడగమనండి. ఆ మనిషితోనో వస్తువుతోనో మొదలవని ఆప్షన్లు కొట్టేస్తే చాలాసార్లు జవాబు ఒక్కటే మిగులుతుంది.

"జనరల్లీ స్పీకింగ్" లాంటి కొన్ని వాడుక మాటలకి ఈ నియమం వర్తించదు. మిగతా అన్నిచోట్లా, ముఖ్యమైన మెయిల్ పంపేముందు ఆ ఒక్క ప్రశ్న వేసుకుని చూడండి.