ధారిణీదేవి ఉంగరము

కాళిదాసు పేరు విన్నంతనే శాకుంతలమును స్మరించు మన పాఠకలోకము, మాళవికాగ్నిమిత్రమును కవి తొలిప్రయత్నముగా నెంచి, ఒకమాఱు చదివి ప్రక్కన పెట్టుట పరిపాటియైనది. విదిశానగరమున శుంగవంశ్యుడైన అగ్నిమిత్రుడు, పట్టమహిషి పరిచారికయగు మాళవికను చిత్రపటమున చూచి మోహించి, విదూషకుని యుక్తులచే ఆమెను చేపట్టుట, ఇంతియే కదా కథ యని తోచును. కాని యీ అయిదంకముల హాస్యరమణీయమైన నాటకమును మరల చదువువారికి, ఆ నవ్వుల నన్నిటిని భరించుచున్న పట్టమహిషి ధారిణీదేవి క్రొత్తగా దర్శనమిచ్చును.

తెనుగువారికి ఈ నాటకముతో పాతచుట్టరికము కలదు. 14వ శతాబ్ది చివర కొండవీటి నేలిన కుమారగిరిరెడ్డికి బావమఱదియు మంత్రియునైన కాటయవేముడు, రాజ్యభారమును మోయుచునే, కాళిదాసు నాటకములు మూడింటికిని కుమారగిరిరాజీయమను వ్యాఖ్య వ్రాసి, దీనిని శాకుంతలము సరసన నిలిపెను.

నాలుగవ అంకమును చూడుడు. మాళవికను, ఆమె చెలి బకుళావళికను నేలమాళిగలో నుంచి, తన సర్పముద్రాంగుళీయకము చూపిననే గాని విడువరాదని రాణి కావలిదాని నాజ్ఞాపించినది. విదూషకుడు గౌతముడు మొగలిముల్లుతో వ్రేలిపై గాట్లు చేసికొని, రాణికై పూలు కోయబోగా పాము కఱచినదని గగ్గోలుపెట్టుచు, తన తల్లి యోగక్షేమములను రాజునకు అప్పగించును. విషవైద్యుడు ధ్రువసిద్ధి సర్పచిహ్నము గల వస్తువు కావలెనని కబురంపగా, తన మూలమున నొక బ్రాహ్మణుని ప్రాణము మీదికి వచ్చెనని తల్లడిల్లిన ధారిణి, మఱుమాటలేక ఆ యుంగరమునే తీసి యిచ్చును. మాళవికకు విడుదల కలుగును. తొలిసారి మనము గౌతముని నేర్పునకు నవ్వుదుము. ఆ నేర్పంతయు రాణి దయాగుణమును నమ్ముకొని పన్నినదని మరల చదివినప్పుడు గ్రహింతుము.

కాలు నొచ్చి తాను పోలేక, అశోకవృక్షము పూచునట్లు పాదతాడనదోహదము చేయుటకు మాళవికను పంపుచు, అయిదు రాత్రులలో పూచినచో కోరిక తీర్తునని మాట యిచ్చినదియు నామెయే. అశోకము పూచినది. మాళవిక విదర్భరాజపుత్రి యని బయల్పడినది. సింధుతీరమున యవనులను గెలిచిన ధారిణి కుమారుడు వసుమిత్రుని విజయవార్తయు, యజ్ఞాహ్వానమును రాజు తండ్రి పుష్యమిత్రుని లేఖలో వచ్చినవి. క్రీ.పూ. 2వ శతాబ్ది చరిత్రకు సాక్ష్యముగా చరిత్రకారులు గ్రహించు ఆ లేఖను కవి ఒక తల్లి సంతోషమునకు హేతువుగా మలచినాడు. అంతట ధారిణి, మొలనూలితో రాజును కొట్టబోయినంతటి కోపశీలయగు చిన్నరాణి ఇరావతి సమ్మతిని సైతము పొంది, మాళవికను తన చేతులతో రాజున కప్పగించును.

ప్రేమ ఫలించుటకు ప్రేమికుల తహతహ చాలదనియు, నష్టపోవువారి ఔదార్యము కావలెననియు ఇంత సుకుమారముగా చెప్పిన హాస్యనాటకము లరుదు. యౌవనమున మాళవిక నాట్యమునకై దీనిని చదివినవారు, సంసారమును చూచిన పిదప ధారిణికై మరల చదువుదురుగాక!