కంటివాటం

ఇంగ్లండులో తుపాకుల దుకాణాలకు ఒక పాత పద్ధతి ఉంది. కొనడానికి వచ్చిన మనిషి చేతికి ముందుగా ఒక తుపాకి ఇస్తారు. అందులో తూటా లేదని ఇద్దరూ ఒకటికి రెండుసార్లు చూసుకుంటారు. ఆ తర్వాత దుకాణం మనిషి కొన్ని అడుగుల దూరంలో ఎదురుగా నిలబడి, తన కన్ను వేలితో చూపించి, అక్కడికే గురిపెట్టమంటాడు. వచ్చినాయన రెండు కళ్లూ తెరిచే ఉంచి తుపాకిని చటుక్కున భుజానికి ఎత్తాలి. గొట్టం చివర్నుంచి చూస్తున్న దుకాణం మనిషికి ఆ క్షణంలో గొట్టం వెనకాల ఏ కన్ను నిలిచిందో తేటగా కనిపిస్తుంది. తుపాకి కుడి భుజం మీదే ఉన్నా గొట్టం మొన ఎడమ కంటికి సూటిగా వచ్చిందంటే, కొనేవాడికే ఇన్నాళ్లూ తెలియని తన సంగతి ఒకటి బయటపడ్డట్టు.

ఆ కన్నుకు తుపాకి పనివాళ్లు పెట్టుకున్న పేరు ‘మాస్టర్ ఐ’. తెలుగులో చేతికి వాటం ఉంది. ఎడమచేతివాటం అంటాం, పుర్రచెయ్యి అంటూ పిల్లల చేతిలోని బలపాన్ని లాగి రెండో చేతిలో పెట్టిన రోజులూ ఉన్నాయి. కంటికి మాత్రం అలాంటి మాట మన వాడుకలోకి రాలేదు. రావలసిన మాటే, ఎందుకంటే కంటికీ వాటం ఉంటుంది. మనుషుల్లో సుమారు మూడింట రెండు వంతుల మందిది కుడి కంటివాటం, మిగతావాళ్లలో ఎక్కువమందిది ఎడమ. ఎడమచేతివాటం ఉన్నవాళ్లు పదిమందిలో ఒకరే. అంటే కుడిచేత్తో రాసే, తినే, విసిరే వాళ్లలోనే చాలామందికి గురిచూసే కన్ను మాత్రం ఎడమది.

దీనివల్ల ఎంత తేడా వస్తుందో చిన్న లెక్క చెబుతుంది. రెండు కంటిపాపల మధ్య దూరం ఆరు సెంటీమీటర్ల పైచిలుకు. కంటికి 60 సెంటీమీటర్ల దూరంలో బొటనవేలు నిలబెట్టి, ఒక కంటితో దాన్ని 10 మీటర్ల అవతలి గోడ మీది చుక్కకు సరిపెట్టి, ఆ కన్ను మూసి రెండోది తెరిస్తే వేలు చుక్క మీద నుంచి దాదాపు మీటరు పక్కకు జరిగినట్టు కనిపిస్తుంది. ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ పోటీకి పెట్టే లక్ష్యం మీద పది పాయింట్ల వలయం అడ్డుకొలత 11.5 మిల్లీమీటర్లు. రెండు కళ్ల మధ్య తగువు మీటరుదైతే, గెలుపు అంత చిన్న చోట ఉంది.

ఆ తగువును మొదట కాగితం మీద పెట్టినవాడు నేపుల్స్ నగరపు పండితుడు జంబాటిస్టా డెల్లా పోర్టా. కాంతి వక్రీభవనం మీద 1593లో అచ్చయిన తన లాటిన్ గ్రంథంలో ఆయన ఒక ప్రయోగం చెప్పాడు. ఒక కర్రను ముందుకు పట్టుకుని, ఎదుటి గోడలోని పగులుకు దాన్ని సరిపెట్టాలి. ఎడమ కన్ను మూస్తే కర్ర కదలదు. కుడి కన్ను మూస్తే పగులు మీద నుంచి తప్పుకుంటుంది. రెండూ తెరిచి చూస్తున్నామనుకుంటూనే మనిషి ఒక కంటి మాటే వింటున్నాడని ఆయన పట్టుకున్నాడు. ఇప్పటికీ కళ్ల డాక్టర్లు దీన్ని పోర్టా పరీక్ష అనే అంటారు. తుపాకులు అప్పటికే యూరప్ అంతటా ఉన్నా, ఆ పుస్తకం నుంచి తుపాకి పట్టేవాడి దాకా ఈ ముక్క చేరిన దాఖలా కనిపించదు.

చేరకపోవడం వింతేమీ కాదు. గురి గురించి ఎక్కడ ఎవరు చెప్పినా చెయ్యి గురించీ మనసు గురించీ చెప్పారు. అర్జునుణ్ణి సవ్యసాచి అన్నాం, ఏ చేత్తోనైనా బాణం వేయగలడని. పిట్టను చూపించి ద్రోణుడు అడిగింది ఏం కనిపిస్తోందనే, ఏ కంటికి కనిపిస్తోందని కాదు. ఇంగ్లండులో రోజర్ యాస్కమ్ 1545లో విలువిద్య మీద ‘టాక్సోఫిలస్’ రాసినప్పుడు చూపు గురి మీదే నిలపాలని గట్టిగా చెప్పాడు. ఆయన దృష్టి కూడా ఏకాగ్రత మీదే.

కంటికీ బాణానికీ మధ్య ఉన్న లెక్కను తేల్చినవాడు హొరేస్ ఫోర్డ్ అనే ఇంగ్లిషు విలుకాడు. ఆ దేశంలో పెద్ద విల్లు పట్టినవాళ్లు తరతరాలుగా తాడును చెవిదాకా లాగేవారు. అదే వీరుడి లక్షణమని నమ్మకం. 1840లలో విల్లు చేతబట్టిన ఫోర్డ్‌కు అందులోని తప్పు కనిపించింది. తాడు కుడి చెవిదాకా వస్తే బాణం తోక కంటికి పక్కగా ఉండిపోతుంది. మొన లక్ష్యం మీదే ఉన్నట్టు కన్ను చెబుతుంది, వదిలిన బాణం మాత్రం ఎడమకు పోతుంది. ఇక గురిచూసేది ఎడమ కన్నయితే ఆ తప్పు ఇంకా పెద్దదవుతుంది. బాణం తోక నుంచి మొన దాకా గురిచూసే కంటికి సరిగ్గా కిందుగా, ఒకే నిలువులో ఉండాలన్నది ఫోర్డ్ సూత్రం. అందుకోసం తాడును చెవి దగ్గర్నుంచి దవడ కిందికి దించాడు. 1856లో దీన్ని పుస్తకంగా వేశాడు.

మరుసటి ఏడాది చెల్టెన్‌హామ్ పోటీలో ఆయన 100, 80, 60 గజాల దూరాల నుంచి మొత్తం 288 బాణాలు వేశాడు. 245 తగిలాయి, 1,251 పాయింట్లు వచ్చాయి. ఇరవయ్యో శతాబ్దం మధ్య దాకా బ్రిటన్‌లో ఎవరూ దాన్ని దాటలేదు. 1849 నుంచి 1859 దాకా వరసగా పదకొండేళ్లు ఆయనే జాతీయ విజేత. ఇన్ని గెలుపుల వెనక ఉన్నది కండబలం కన్నా, కంటికింద గీసుకున్న ఆ గీత.

సైన్యాల దారి వేరు. గొట్టం లోపల నునుపుగా ఉండే పాత మస్కెట్‌తో వంద గజాలు దాటితే ఒక మనిషిని గురిచూసి కొట్టడం గగనం. అందుకే బారులు తీరి ఒక్కసారిగా పేల్చేవారు. గొట్టంలో మెలి గాళ్లు తీసిన రైఫిళ్లు వచ్చాక గానీ గురికి విలువ రాలేదు. బ్రిటిష్ సైన్యం 1853లో హైత్ ఊళ్లో తుపాకి శిక్షణ బడి తెరిచింది. తుపాకి మడమ, అంటే వెనక చెక్క చివర, కుడి భుజానికి, చెంప చెక్కకు, ఎడమ కన్ను మూత: ఇదే డ్రిల్లు. అందరికీ ఒకటే. తర్వాత వచ్చిన లీ ఎన్‌ఫీల్డ్ రైఫిల్, మన జనం త్రీ నాట్ త్రీ అని పిలుచుకున్నది, బోల్టు పిడిని కుడివైపే పెట్టుకుని పుట్టింది. అది మన పోలీసుల భుజాల మీద దశాబ్దాల తరబడి ఉంది. ఎడమ కంటివాటం మనిషి ఆ తుపాకితో ఏం చేయాలో డ్రిల్లు చెప్పలేదు. ఎడమ కన్ను మూసేస్తే చిక్కు తీరిపోయిందనే లెక్క. నిజానికి కదలని గురికి అది చాలావరకు సరిపోతుంది కూడా. మన వడ్రంగి చెక్క అంచు వంకర చూడటానికి ఒక కన్ను మూసేది ఇందుకే.

ఎగిరే పిట్టకు అది సరిపోదు. ఒక కన్ను మూస్తే చూపు వెడల్పు తగ్గుతుంది, దూరం అంచనా తప్పుతుంది. 1880లో అమెరికాలో మట్టి పళ్లేలు విసిరి కొట్టే ఆట మొదలయ్యాక వేగం మరీ ముఖ్యమైంది. షాట్‌గన్‌కు గురి సరిచూసుకునే వెనక సైటు ఉండదు. గొట్టం వెనక నిలిచిన కన్నే వెనక సైటు. ఆ కన్ను ఎక్కడుందో తెలియకుండా తుపాకి చేస్తే కొనేవాడికి జన్మంతా గురి తప్పుతూనే ఉంటుంది. కంటివాటం బాధ్యత సైన్యానికి కాక వృత్తిపనివాడికి పట్టింది అందుకే.

లండన్, బర్మింగ్‌హామ్ పనివాళ్లు తుపాకి మడమను ఎప్పుడూ నిటారుగా చేయలేదు. కుడి భుజం వాడి మడమను గొట్టం గీత నుంచి కొద్దిగా కుడికి వంచేవారు, కన్ను గొట్టం మీదికి సులువుగా రావడానికి. కొలతలు తీయడానికి మరలు బిగించిన కీళ్ల మడమతో ‘ట్రై గన్’ ఒకటి ఉండేది. దర్జీ టేపు పట్టుకున్నట్టు, దాన్ని అటూ ఇటూ వంచి మనిషి ఒంటికి సరిపెట్టేవారు. మరి కుడి భుజం, ఎడమ కన్ను ఉన్నవాడికో? వాళ్ల పనితనానికి పరాకాష్ఠ అనదగ్గ వస్తువు అక్కడే పుట్టింది. మడమను పాము మెలికలా పక్కకు తిప్పి, భుజం కుడివైపున ఉండగానే గొట్టాన్ని ముఖానికి అడ్డంగా ఎడమ కంటి ముందుకు తెచ్చారు. అక్రోటు చెక్కను అంత వంపు తిప్పినా తుపాకి తన్నుకు విరగకుండా నార చూసి కోయాలి. కుడి కన్ను పోయి, కుడి భుజం అలవాటు మిగిలినవాడికి కూడా ఇలాంటివే చేసిచ్చారు. దుర్భిణీ వాడకుండా, పుస్తకం చదవకుండా, పోర్టా కర్రతో తెలుసుకున్నదాన్ని వీళ్లు చెక్కలో చెక్కారు.

తర్వాతి తరంలో రాబర్ట్ చర్చిల్ అనే లండన్ తుపాకి వ్యాపారి రెండు కళ్లూ తెరిచి, చూపు పిట్ట మీదే ఉంచి, గొట్టాన్ని తలచుకోకుండా పేల్చే పద్ధతిని ప్రచారం చేశాడు. మాస్టర్ ఐ ఏదో తేలాకే ఆ పద్ధతి పనికొస్తుంది.

విజ్ఞానశాస్త్రం ఈ పరీక్షను దుకాణం నుంచి తీసుకున్నట్టే ఉంటుంది చూడటానికి. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త వాల్టర్ మైల్స్ 1920ల చివర్లో అట్టతో ఒక గరాటు చేశాడు. వెడల్పు వైపు రెండు కళ్లకూ ఆనించుకుని, ఇరుకు రంధ్రంలోంచి ఎదుటి అట్టను చూడమనేవాడు. చూసేవాడు తన చూపు పదును పరీక్షిస్తున్నారనే అనుకునేవాడు. ఎదురుగా ఉన్న మైల్స్‌కు రంధ్రంలో ఒకే కన్ను కనిపించేది. అది పదునైన కన్నే కానక్కర్లేదన్నది గమనించదగ్గ విషయం. కంటివాటం వేరు, కంటిచూపు వేరు.

పిస్టల్‌కు ఈ బాధ కొంత తక్కువ. రైఫిల్ మడమ ఒక భుజానికి కట్టుబడి ఉంటుంది; పిస్టల్ చాచిన చేతి చివర ఉంటుంది, దాన్ని ఏ కంటి ముందుకైనా తేవచ్చు. హంగరీ సైనికుడు కారొలి టకాచ్ కథ ఇక్కడ గుర్తుకు రాక మానదు. 1938లో శిక్షణలో గ్రెనేడ్ పేలి ఆయన కుడి చెయ్యి పోయింది. ఎవరికీ చెప్పకుండా ఎడమచేత్తో సాధన చేసి మరుసటి ఏడాదే జాతీయ విజేత అయ్యాడు. యుద్ధం రెండు ఒలింపిక్స్‌ను మింగేసింది. 1948లో లండన్‌లో, 38 ఏళ్ల వయసులో, 25 మీటర్ల ర్యాపిడ్ ఫైర్ పోటీలో 580 పాయింట్ల ప్రపంచ రికార్డుతో బంగారు పతకం గెలిచాడు. 1952లో హెల్సింకీలో మళ్లీ గెలిచాడు. అలవాటైన చెయ్యి పోయినా, అన్నేళ్లూ ముందు సైటును చూసిన కళ్లు రెండూ ఆయనకు మిగిలాయి.

ఇవాళ రేంజిలో కన్ను మూసేవాళ్లు తక్కువ. ఒక కన్ను బిగించి మూస్తే రెండోదాని చుట్టూ కండరాలు కూడా బిగుసుకుంటాయి, కంటిపాప విచ్చుకుని సైటు అంచులు చెదురుతాయి. అందుకే వాడని కంటికి ముందు తెల్లని చిన్న అడ్డు తగిలిస్తారు. 30 మిల్లీమీటర్లకు మించి వెడల్పు ఉండకూడదని అంతర్జాతీయ నిబంధన. వెలుతురు వస్తుంది, బొమ్మ రాదు. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012లో లండన్‌లో కాంస్యం తెచ్చిన 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు. అదే నగరపు ఇషా సింగ్ హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో నాలుగు పతకాలు తెచ్చింది పిస్టల్‌తో. 2024లో పారిస్‌లో మను భాకర్, సరబ్‌జోత్ సింగ్ కాంస్యం గెలిచిన మిశ్రమ పోటీలోనే టర్కీ షూటర్ యూసుఫ్ డికెచ్ ఏ అడ్డూ లేకుండా, రెండు కళ్లూ తెరిచి, ఒక చెయ్యి జేబులో పెట్టుకుని రజతం కొట్టుకుపోయాడు. లోకం ఆ ఫొటో చూసి ఆశ్చర్యపోయింది. చర్చిల్ చూసి ఉంటే ఆశ్చర్యపోయేవాడు కాదు.

పిల్లలకు నేర్పేవాళ్లు మరొకటి కూడా తెలుసుకోవాలి. చూపు కుడికో ఎడమకో బాగా తిరిగినప్పుడు కంటివాటం మారిపోవచ్చని కెనడా పరిశోధకులు ఖాన్, క్రాఫర్డ్ 2001లో చూపించారు. ఒక్క పరీక్షతో పిల్లవాడి భుజం మార్చేయడం తొందరపాటు. నేరుగా ఎదురుగా నిలబెట్టి, పలుమార్లు చూసి తేల్చాలి.

పాత తుపాకుల వేలంపాటల్లో ఆ మెలిక మడమలవి అప్పుడప్పుడూ కనిపిస్తాయి. మామూలు వంపునైతే వేడి నూనెతో చెక్కను మెత్తబరిచి సరిచేస్తారు. ఇంత మెలికను సరిచేయడం కుదరదు. మడమ మొత్తం తీసేసి కొత్త చెక్క ఎక్కించాలి. అందుకే వాటిని కొనేవాళ్లు తక్కువ. భుజానికెత్తి చూసినవాడికి గొట్టం తన ముఖాన్ని దాటి పక్కకు పోయి నిలబడుతుంది, ఎప్పుడో ఒక మనిషి ఎడమ కన్ను ఉన్న చోట.