తైలద్రోణి నుంచి శంషాబాదు దాకా

దూరదేశంలో ఉన్న కుమారుడి కోసం శవాన్ని నిలిపి ఉంచడమనే మాట వినగానే నాకు ముందుగా స్ఫురించేది అయోధ్యాకాండ. దశరథుడు పుత్రశోకంతో అర్ధరాత్రి వేళ ప్రాణాలు విడిచాడు. రామలక్ష్మణులు అడవుల పాలైనారు. భరతశత్రుఘ్నులు కేకయ రాజధానిలో మేనమామ ఇంట ఉన్నారు. కొడుకు లేనిదే రాజుకు సంస్కారం చేయడం తగదని మంత్రులు నిశ్చయించి, ఆ దేహాన్ని తైలద్రోణిలో ఉంచారు. దూతలు వెళ్లారు. విషయమేమిటో చెప్పకుండానే భరతుణ్ణి బయలుదేరదీశారు. అతడు దారిలో ఏడు రాత్రులు గడిపి అయోధ్య చేరాడు.

అక్కడ దేహం కదలలేదు, కొడుకు కదలివచ్చాడు. మన కాలంలో ఈ కథ తలక్రిందులైంది. కదలివచ్చేది కొడుకు దేహం. కూకట్‌పల్లిలోనో, కొండాపూర్‌లోనో, నిజాంపేటలోనో ఒక అపార్టుమెంటులో కూర్చుని రోజులు లెక్కపెట్టేవాడు తండ్రి. ఈ తిరకాసు ఎట్లా వచ్చిందో, దాని వెనుక ఉన్న చరిత్ర ఏమిటో నాకు తెలిసినంత మేరకు వ్రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. విషయం మంగళకరమైనది కాదు. అయినా సాటి తెలుగువారు ఎక్కడెక్కడో ఉండి చదువుతుంటారు గనుక చెప్పుకోక తప్పదనిపించింది.

పూర్వులు దేశాంతర మరణాన్ని గురించి ఆలోచించలేదని అనుకోవడం పొరపాటు. అశౌచ ప్రకరణాలలో దూరాన మరణించినవారి సంగతి ప్రత్యేకంగానే చర్చించారు. శవం లభించకపోతే అస్థులు తెచ్చి దహించాలన్నారు. అస్థులూ దొరకకపోతే పలాశవిధి చెప్పారు. అంటే మూడువందల అరవై మోదుగ కాడలతో ఒక మనిషి ఆకృతిని అమర్చి, దానికే అగ్నిసంస్కారం జరపడం. తలకు ఇన్ని, బాహువులకు ఇన్ని అని లెక్క కూడా ఉన్నది. నా చిన్నతనంలో పురోహితులు దీనిని ఎప్పుడో పుస్తకాలలో ఉన్న విధిగా చెప్పేవారే గాని, చేయించిన అనుభవం ఉన్నవారు అరుదు. శాస్త్రకర్తలు శవాన్ని తిరిగి తేవడం సాధ్యమని ఊహించలేదు, తేలేకపోయినంత మాత్రాన మృతుడికి గతి లేదనీ అనలేదు. ఈ రెండవ మాటను మనవారు సులువుగా మరచిపోతారు.

పందొమ్మిదో శతాబ్దిలో సముద్రం దాటిన తెలుగువారికి ఈ ఉపాయాలు కూడా అందలేదు. 1834 తరువాత మారిషస్‌కు, 1860లో మద్రాసు నుంచి బయలుదేరిన 'ట్రూరో' నౌకలో నేటాల్‌కు, 1903 తరువాత ఫిజీకి ఒప్పందపు కూలీలుగా మనవారు వెళ్లారు. కోరంగి రేవు నుంచి రంగూనుకు వెళ్లినవారికి లెక్కే లేదు. బర్మాలో తెలుగువారిని ఆ రేవు పేరుతోనే 'కోరంగీలు' అన్నారు. వీరిలో అక్కడే కన్నుమూసినవారు అక్కడి మట్టిలోనే కలిసిపోయారు. నౌకలో పోతే సముద్రంలో విడిచేవారు. ఇంటికి ఉత్తరం వస్తే అదృష్టం. ఏ సంవత్సరం పోయాడో తెలియని మనిషికి తిథి ఏది? తద్దినం ఎప్పుడు? ఇంటి ఆడవారు పసుపు కుంకుమలు ఉంచుకోవాలా తీసివేయాలా తెలియక బ్రతికిన బ్రతుకులను ఎవరూ గ్రంథస్థం చేయలేదు.

ధనవంతులకైనా వేరే దారి లేదు. రాజా రామమోహన రాయలు 1833 సెప్టెంబరు 27న ఇంగ్లండులోని బ్రిస్టల్ దగ్గర మరణించి అక్కడే ఖననమైనారు. పదేళ్ల తరువాత, 1843లో, ఆయన అవశేషాలను కదిలించారు. కదిలించింది కలకత్తాకు కాదు, అదే ఊరిలోని ఆర్నోస్ వేల్ శ్మశానవాటికకు. అక్కడ సమాధి కట్టించే బాధ్యత వహించిన ద్వారకానాథ ఠాకూరు తానూ 1846లో లండనులోనే పోయి, కెన్సల్ గ్రీన్‌లో మట్టి అయినాడు.

ఆవిరి ఓడకంటె, విమానంకంటె ముందు కావలసినది శవం చెడకుండా నిలిపే విద్య. మన తైలద్రోణి వంటి ఉపాయాలు అన్ని దేశాల్లోనూ ఉన్నాయి గాని, దానిని ఒక వృత్తిగా మార్చినది అమెరికా. అక్కడి అంతర్యుద్ధంలో (1861–65) దక్షిణాన పడిపోయిన సైనికులను ఉత్తరాదిన ఉన్న తల్లిదండ్రులకు పంపించవలసి వచ్చింది. రక్తనాళాలలోనికి రసాయనాలు ఎక్కించే 'ఎంబామింగ్' అప్పుడే వ్యాపించింది. 1865 ఏప్రిల్‌లో హతుడైన లింకన్ దేహాన్ని అట్లాగే భద్రపరచి, వాషింగ్టన్ నుంచి స్ప్రింగ్‌ఫీల్డ్ దాకా పన్నెండు రోజులపాటు రైలులో ఊరూరా చూపుతూ తీసుకొనిపోయారు. జనం కళ్లారా చూశారు. ఆ తరువాత అది అమెరికా ఇళ్లలో ఆచారమైపోయింది. ఈనాడు డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో మరణించిన తెలుగు పిల్లవాడి ముఖాన్ని వారం తరువాత హైదరాబాదులో తల్లి చూడగలుగుతున్నదంటే, దాని మూలం ఆ యుద్ధంలో ఉన్నది.

ఇక మన హైదరాబాదుకే సంబంధించిన మూడు తరాల కథ ఒకటి చెప్పాలి. చివరి ఖలీఫా రెండవ అబ్దుల్ మజీద్ 1944 ఆగస్టులో పారిస్‌లో మరణించాడు. ఆయన కుమార్తె దుర్రుషెహ్వార్ మన ఏడవ నిజాము పెద్దకోడలు. తండ్రిని ఇస్తాంబుల్‌లో పూడ్చిపెట్టుకోవాలని ఆమె ప్రయత్నించినా టర్కీ ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆ దేహం పారిస్ మసీదులో పదేళ్లు ఉండిపోయింది. చివరకు 1954లో మదీనాలో ఖననం జరిగింది. నిజాము సంపద అంతా ఉండి కూడా ఒక ప్రభుత్వపు 'కాదు' అన్న మాటను దాటలేకపోయింది. దుర్రుషెహ్వార్ 2006లో లండనులో కన్నుమూసి అక్కడికి సమీపంలోని బ్రూక్‌వుడ్ శ్మశానంలో విశ్రమించింది. ఆమె కుమారుడు, ఏడవ నిజాము మనుమడు ముకర్రం ఝా 2023 జనవరి 14న ఇస్తాంబుల్‌లో మరణించాడు. తన తాతను రానీయని ఆ నగరం నుంచే ప్రత్యేక విమానంలో ఆయన దేహం 17వ తేదీన శంషాబాదులో దిగింది. చౌమహల్లా ప్యాలెస్‌లో జనం దర్శించుకున్నారు. 18న మక్కా మసీదు ఆవరణలో ప్రభుత్వ లాంఛనాలతో ఖననం జరిగింది. తాతకు పదేళ్లు, మనుమడికి నాలుగు రోజులు.

సామాన్యుడి కథ సైబర్ టవర్స్‌తో మొదలవుతుంది. 1998 నవంబరు 22న ప్రధాని వాజపేయి దానిని ప్రారంభించిన నాటికి మాదాపూర్ చుట్టూ రాళ్లగుట్టలే. ఆ గుట్టల మధ్య నుంచి అమెరికాకు పోయే దారి పడింది. 2008 మార్చిలో శంషాబాదు విమానాశ్రయం తెరిచారు, అదే సంవత్సరం అక్టోబరులో బేగంపేట పైగా ప్యాలెస్‌లో అమెరికా కాన్సులేట్ వచ్చింది. 2023 మార్చిలో అది నానక్‌రామ్‌గూడకు, అంటే ఐటీ కంపెనీల నట్టనడుమకు మారింది. పిల్లలు వీసా ముద్ర వేయించుకొనే చోటు, వారు చదివి ఉద్యోగం చేసిన చోటు, తల్లిదండ్రులు ఫ్లాటు కొనుక్కున్న చోటు అంతా ఒక గంట ప్రయాణంలో ఉన్నది. ఆ గంట ప్రయాణంలోనే, అవుటర్ రింగ్ రోడ్డు మీదుగా, కార్గో ద్వారం కూడా ఉన్నది.

అవును, కార్గో ద్వారమే. ప్రయాణికులు వచ్చే ద్వారం కాదు. సరకు రవాణా భాషలో మానవదేహానికి 'హెచ్‌యూఎం' అనే మూడక్షరాల సంకేతం ఉన్నది. మనం పార్థివదేహమన్నా, భౌతికకాయమన్నా, రశీదు మీద ఉండేది అదే. మరణం అనుమానాస్పదమైతే ముందు మెడికల్ ఎగ్జామినర్ పరీక్ష. ఆయన విడుదల చేసిన తరువాత ఫ్యునరల్ హోమ్‌వారు ఎంబామింగ్ చేసి, గాలి చొరబడని పేటికలో ఉంచుతారు. విమాన సంస్థలు పేటికను ఎవరి చేతి నుంచి పడితే వారి చేతి నుంచి తీసుకోవు. ఆ వృత్తిలో నమోదైనవారి ద్వారానే తీసుకుంటాయి. మరణ ధ్రువపత్రం, ఎంబామింగ్ ధ్రువపత్రం, అంటువ్యాధి లేదన్న లేఖ, రద్దు చేసిన పాస్‌పోర్టు, భారత కాన్సులేట్ ఇచ్చే నిరభ్యంతర పత్రం, ఇవన్నీ చేరితేనే మన విమానాశ్రయ ఆరోగ్యాధికారి 1954 నాటి నిబంధనల ప్రకారం లోనికి అనుమతిస్తాడు. 2023 ఆగస్టులో కేంద్ర ఆరోగ్యశాఖ దీనికోసం 'ఈ-కేర్' అనే పోర్టల్ పెట్టింది. కాగితాలు ముందే కంప్యూటరులో పంపవచ్చు. శుక్రవారం సాయంత్రం మరణం సంభవిస్తే చాలా ఆఫీసులు సోమవారం దాకా మూత. ఇంటివారికి అన్నిటికన్న దుర్భరమైనవి ఆ రెండు రోజులు.

ఈ పనులన్నీ పుట్టెడు దుఃఖంలో ఉన్నవారు చేయలేరు. తానాలో ఇందుకోసం 'టీమ్ స్క్వేర్' అనే బృందం ఉన్నది, నాట్స్‌కు హెల్ప్‌లైన్ ఉన్నది. తెలుగు సంఘాల సభలను, సినీతారల నృత్యాలను వెక్కిరించేవారిలో నేనూ ఒకణ్ణి. కాని అర్ధరాత్రి ముక్కుమొగమెరుగని ఒక కుర్రవాడి శవం కోసం మార్చురీకి వెళ్లి నిలబడేవారు కూడా ఆ సంఘాలవారే.

2017 ఫిబ్రవరి 22 రాత్రి కాన్సస్ రాష్ట్రం ఒలేతా పట్టణంలో కూచిభొట్ల శ్రీనివాస్ అనే ఇంజనీరును 'మా దేశం విడిచిపో' అన్న ద్వేషంతో కాల్చిచంపారు. వయసు ముప్పైరెండు. హ్యూస్టన్ కాన్సులేట్ అధికారులు అక్కడికి వెళ్లారు. 27వ తేదీ రాత్రి దేహం శంషాబాదు చేరింది. మరునాడు జూబ్లీహిల్స్ మహాప్రస్థానంలో దహనం జరిగింది. పాండవులు చివరిసారి నడిచివెళ్లిన దారి పేరు అది. అక్కడ పడిపోయినవారి కోసం వెనుదిరిగి చూడకుండానే ధర్మరాజు ముందుకు నడిచాడు.

దేహంతోపాటు భార్య సునయన కూడా వచ్చారు. పత్రికలు అంతగా పట్టించుకోని సంగతి ఇక్కడ ఉన్నది. ఆమె అమెరికా నివాసానుమతి భర్త వీసా మీద ఆధారపడినది. ఆయన పోగానే ఆ ఆధారమూ పోయింది. భర్త అంత్యక్రియలకు దేశం దాటితే, తిరిగి తన ఇంటికి, ఉద్యోగానికి పోగలదో లేదో తెలియదు. కాన్సస్ ప్రతినిధి కెవిన్ యోడర్ పూనుకొని అనుమతి ఇప్పించిన మీదట ఆమె వెనుకకు వెళ్లగలిగారు. ఆమె విషయం లోకానికంతటికీ తెలిసింది గనుక అది జరిగింది. పేరు బయటికి రాని భార్యలకు ఆ తలుపు తెరుచుకోవడం అంత సులభం కాదు.

ఇదంతా ఒక విమానం సంగతి. అదే కార్గో ద్వారానికి గల్ఫ్ నుంచి వచ్చే పేటికలు వేరు. కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, కామారెడ్డి పల్లెలవారు, కడప, గోదావరి జిల్లాలవారు. అక్కడ పోలీసుల నివేదిక కావాలి, యజమాని, అంటే కఫీల్, లెక్కలు తేల్చాలి. అకామా గడువు ముగిసినవాడో, కంపెనీ విడిచి పారిపోయిన 'ఖల్లివెల్లి'వాడో అయితే అతడు ఎవరి మనిషి అన్న ప్రశ్న దగ్గరే వారాలు, నెలలు గడుస్తాయి. 2009లో కేంద్రం పెట్టిన భారతీయ సమాజ సంక్షేమ నిధి నుంచి నిరుపేదల దేహాలను పంపే ఖర్చు రాయబార కార్యాలయాలు భరించవచ్చు. 2019 జనవరి దాకా గల్ఫ్‌లో ఎయిరిండియావారు శవాన్ని కాటా మీద పెట్టి, కిలోల లెక్కన రవాణా రుసుము వసూలు చేసేవారు. ప్రవాసులు ఏళ్లతరబడి మొరపెట్టుకొన్న మీదట పెద్దలకొకటి, పిల్లలకొకటి స్థిరమైన ధర పెట్టారు. 2024లో తెలంగాణ ప్రభుత్వం గల్ఫ్ మృతుల కుటుంబాలకు అయిదు లక్షల సహాయం ఇవ్వడం మొదలుపెట్టింది.

పల్లెటూరి బడిలో పనిచేసిన రోజుల్లో ఇటువంటి కుటుంబాల కోసం కాగితాలు వ్రాసిపెట్టాను. అందులో ఒకటి అంగీకారపత్రం. 'దేహాన్ని స్వదేశానికి పంపవలసినది' అనో, 'అక్కడనే అంత్యక్రియలు జరుపుటకు అభ్యంతరము లేదు' అనో మృతుని భార్య వ్రాసి ఇవ్వాలి. ఇరవైయేళ్లు కూడా సరిగా నిండని ఒక పిల్ల, రెండవ వాక్యం వ్రాస్తే డబ్బు త్వరగా వస్తుందని ఎవరో చెప్పగా, నా ముఖంలోకి చూసి 'ఏం రాయమంటవు సారూ' అని అడిగింది. 'నీకు చూడాలని ఉందా అమ్మా' అన్నాను. తల ఊపింది. మొదటి వాక్యమే వ్రాశాను. దేహం రావడానికి రెండు నెలలు పట్టింది.

2020 మార్చిలో విమానాలు ఆగిపోయినప్పుడు ఈ దారి మొత్తం మూసుకుపోయింది. ఏప్రిల్ నెలలో అబుదాబి నుంచి ఢిల్లీకి వచ్చిన మూడు శవపేటికలను దించుకోనివ్వక తిరిగి అబుదాబికే పంపివేశారు. కొద్ది రోజులలోనే, 25వ తేదీన, హోంశాఖ అనుమతిస్తూ ఉత్తర్వు ఇచ్చింది. దారి మూసి ఉన్నన్నాళ్లూ ఎందరో మనవారిని అక్కడి ఇసుకలోనే పూడ్చివేశారు. మోదుగ కాడల విధి మళ్లీ అవసరమైన కాలం అది.

ఇంత ఖర్చు, ఇంత యాతన ఎందుకు, అక్కడే దహనం చేసి అస్థికలు తెచ్చుకోవచ్చు గదా అని కొందరు విజ్ఞులు అంటారు. శాస్త్రరీత్యా వారి మాట సరైనదే. అస్థికలకు కాగితాలూ తక్కువ, చేతిసంచిలో కూడా తెచ్చుకోవచ్చు. అప్పులు చేసి, చందాలు పోగుచేసి దేహాన్నే తెప్పించాలని చుట్టాలు ఒత్తిడి చేయడం నాకూ నచ్చదు. అయితే ఆ నిర్ణయం తల్లిది, భార్యది. పురోహితుడిదీ కాదు, బంధువులదీ కాదు. ముఖం చూడనిదే పోయాడని నమ్మలేని తల్లికి ధర్మశాస్త్రం వినిపించి ప్రయోజనం లేదు. అస్థికలు చాలునన్న తల్లిని నిష్ఠురమాడే హక్కు కూడా ఎవరికీ లేదు.

శంషాబాదు కార్గో దగ్గర నుంచి అంబులెన్సులు రెండు దారుల్లో పోతాయి. ఒకటి అవుటర్ రింగ్ రోడ్డెక్కి గచ్చిబౌలి వైపు, మరొకటి నగరం దాటి నలభైనాలుగో జాతీయ రహదారి మీద కామారెడ్డి వైపు. బయలుదేరే ముందు ఇద్దరు తండ్రులూ ఒకే బల్ల దగ్గర, ఒకే రకం రశీదు మీద, 'సరకు గ్రహీత' అన్న చోట సంతకం చేస్తారు.