రైలెక్కేవారి పత్రిక: నగరాల్లో ఉచిత దినపత్రికల చరిత్ర

1995 ఫిబ్రవరి 13న స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌లోని భూగర్భ రైల్వే స్టేషన్లలో ‘మెట్రో’ దినపత్రిక తొలి సంచిక వెలువడింది. దానికి వెల లేదు. స్టేషన్ దగ్గర స్టాండులో పేర్చిన ప్రతుల్లోంచి ఒకటి తీసుకుని రైలెక్కడమే. ఊరికే పంచే వారపత్రికలు, ప్రకటనల పత్రాలు అంతకుముందూ ఉన్నాయి. అయితే రోజూ పనులకు వెళ్లే జనం కోసమే వార్తలు అచ్చువేసి ఉచితంగా ఇచ్చే పద్ధతి ప్రపంచమంతా పాకింది మాత్రం ఇక్కడి నుంచే.

ఈ ఆలోచన పెల్లె అండర్సన్, రాబర్ట్ బ్రౌనర్‌యెల్మ్, మోనికా లిండ్‌స్టెట్‌లది. పెట్టుబడి యాన్ స్టెన్‌బెక్ నడిపిన కిన్నెవిక్ సంస్థది. స్టేషన్లలో పత్రిక ఉంచేందుకు నగర రవాణా సంస్థతో కుదిరిన ఒప్పందమే అసలు బలం. స్వీడన్‌లో ఉదయం పత్రికలు ఎక్కువగా చందాల మీద నడిచేవి. చందాల వసూలు, ఇంటింటికీ చేరవేత, అమ్మేవారి కమీషన్ వంటి ఖర్చులు మెట్రోకు లేవు. ఆదాయమంతా ప్రకటనలదే. చందా కట్టే అలవాటులేని యువ ఉద్యోగులు ప్రతి ఉదయం ఒకేచోట దొరకడం ప్రకటనదారులకు గొప్ప అవకాశమైంది.

పత్రిక రూపం కూడా ప్రయాణానికి తగ్గట్టే ఉండేది. కిక్కిరిసిన పెట్టెలో నిలబడి, పక్కవారికి మోచేయి తగలకుండా పేజీ తిప్పుకోవాలంటే చిన్న సైజు కావాలి. అందుకే టాబ్లాయిడ్ సైజును ఎంచుకున్నారు. వార్తలు పొట్టిగా, చాలావరకు వార్తా సంస్థల నుంచి తీసుకున్నవే ఉండేవి. దిగే స్టేషన్ వచ్చేలోగా చదవడం పూర్తవ్వాలన్నది లెక్క. నార్వే సంస్థ షిబ్‌స్టెడ్ 1999లో జ్యూరిక్‌లో మొదలుపెట్టిన పత్రికకు ఆ లెక్కనే పేరుగా పెట్టింది: ‘20 మినుటెన్’, అంటే 20 నిమిషాలు.

కొద్ది ఏళ్లలోనే మెట్రో ప్రాగ్, బుడాపెస్ట్, ఫిలడెల్ఫియా, బోస్టన్, హాంకాంగ్, సియోల్ నగరాలకు చేరింది. వెళ్లిన ప్రతిచోటా స్థానిక పత్రికలు ఎదురు నిలిచాయి. నెదర్లాండ్స్‌లో 1999 జూన్ 21న మెట్రో, దానికి పోటీగా ‘స్పిట్స్’ ఒకే రోజు వెలువడ్డాయి. జర్మనీలోని కొలోన్ నగరంలో షిబ్‌స్టెడ్ పత్రికను అడ్డుకోవడానికి అక్కడి రెండు పెద్ద ప్రచురణ సంస్థలు తామూ చెరో ఉచిత పత్రిక తెచ్చాయి. 2001లో షిబ్‌స్టెడ్ వెనుదిరగగానే ఆ రెండూ మూతపడ్డాయి. పాఠకుల కోసం కాక పోటీదారును తరమడానికి పుట్టిన పత్రికలవి. పారిస్‌లో 2002లో ప్రతిఘటన వీధికెక్కింది. ముద్రణ కార్మికుల సంఘం పంపిణీదారులను అడ్డగించి, ప్రతులను రోడ్లమీద పారబోసింది.

లండన్‌లో 1999 మార్చిలో వచ్చిన ‘మెట్రో’కు స్వీడన్ సంస్థతో సంబంధం లేదు. స్టాక్‌హోమ్ పత్రిక నగరానికి రాకముందే అసోసియేటెడ్ న్యూస్‌పేపర్స్ దాన్ని ప్రారంభించి, స్టేషన్లలో చోటు దక్కించుకుంది. 2006లో ‘ది లండన్ పేపర్’, ‘లండన్ లైట్’ సాయంత్రం పూట పోటీకి దిగాయి. దారినపోయే ప్రతివారి చేతిలోనూ ప్రతి పెట్టే పంపిణీదారులతో పేవ్‌మెంట్లు నిండాయి. చదివి పారేసిన కాగితం గుట్టలు పడడంతో వెస్ట్‌మినిస్టర్ నగర పాలక సంస్థ పట్టుబట్టి, ప్రచురణకర్తల చేత రీసైక్లింగ్ డబ్బాలు పెట్టించింది. సియోల్‌లో ప్రయాణికులు రైళ్లలో వదిలిన ప్రతులను వృద్ధులు ఏరుకుని తూకానికి అమ్ముకునేవారు.

ఒక్క ప్రకటనల మీదే నిలిచిన ఈ వ్యాపారం ఒంటిస్తంభపు మేడ. 2008 ఆర్థిక మాంద్యం ఆ స్తంభాన్నే కదిలించింది. ఆ ఏడాదే డెన్మార్క్‌లో ఇళ్లకు ఉచితంగా చేరవేసిన ‘న్యూహెడ్స్‌అవీసెన్’ ఆగిపోయింది. 2009లో స్పెయిన్ మెట్రో, లండన్‌లోని ఆ రెండు సాయంత్రపు పత్రికలూ మూతపడ్డాయి. అదే ఏడాది అక్టోబరులో, 1827 నుంచి వస్తున్న ‘ఈవెనింగ్ స్టాండర్డ్’ తన వెల తీసేసి ఉచిత పత్రికగా మారింది.

మాంద్యం తర్వాత స్మార్ట్‌ఫోన్ వాడకం పెరిగింది. ప్రయాణికుడి చేతిలో ఖాళీగా ఉన్న ఆ కొద్ది నిమిషాలే ఉచిత పత్రికకు మూలధనం. ఫోను వాటినే తీసుకుంది. సొరంగాల్లోకీ సిగ్నల్ చేరాక, స్టేషన్ స్టాండుకు ఉన్న ప్రత్యేకత పోయింది. 2019లో స్వీడన్ మెట్రో అచ్చు ఆపేసింది. మరుసటి ఏడాది కొవిడ్ లాక్‌డౌన్లతో రైళ్లే ఖాళీ అయ్యాయి. ఈవెనింగ్ స్టాండర్డ్ 2024లో దినపత్రికగా ఆగి వారపత్రికగా మారింది. 20 మినుటెన్ అచ్చు మానేసి ఆన్‌లైన్‌కే పరిమితమవుతామని 2025లో ప్రకటించింది. బ్రిటన్ మెట్రో వంటి కొన్ని మాత్రం నిలిచాయి.

ఈ పత్రికల్లో లోతైన పరిశోధన తక్కువన్న విమర్శ సరైనదే. అయినా పత్రిక కొనే అలవాటే లేని లక్షలమంది చేత రోజూ వార్తలు చదివించిన ఘనత వాటిదే. వార్తకు పాఠకుడు డబ్బు కట్టనక్కర్లేదన్న భావన ఇంటర్నెట్‌తోనే పుట్టలేదనీ, జనం దానికి అలవాటు పడటంలో అచ్చు కాగితానికీ వాటా ఉందనీ ఈ చరిత్ర తెలుపుతుంది.