బరఫ్, చాయ్, కోకం: ఒక గ్లాసులో మన కామాటిపుర

పండ్ల రసం కలిపిన చల్లటి చాయ్ ఇప్పుడు కాఫీ షాపుల సరుకు అయిపోయింది. సీసాల్లో వస్తోంది, పొడి ప్యాకెట్లలో వస్తోంది. మన పిల్లలు దాన్ని అమెరికాది అనుకుంటారు. అందులో కొంత నిజం లేకపోలేదు. కానీ ఆ గ్లాసులో ఉన్నవి మూడే మూడు: చాయ్, బరఫ్, పండు. ఈ మూడూ కామాటిపుర చాల్‌లోకి మూడు వేర్వేరు దారుల్లో వచ్చాయి. మా ఇంట్లో సాఫ్ట్‌వేర్ పరీక్షించే ఉద్యోగం ఉంది కాబట్టి దేన్నైనా భాగాలుగా విడదీసి చూడటం మాకు అలవాటు. ఈ గ్లాసునీ అట్లే విడదీసి చూద్దాం.

ముందు ఊరి సంగతి. కామాటిపుర అనే పేరు కామాటీల నుంచి వచ్చింది. నిజాం రాజ్యంలోని తెలుగు పల్లెల నుంచి కట్టడం పనులకు బొంబాయి వచ్చినవాళ్ళను ఇక్కడ కామాటీలు అన్నారు. 1784లో హార్న్‌బీ వెల్లార్డ్ అనే కట్ట పూర్తయి సముద్రపు నీళ్ళు లోపలికి రావడం ఆగాక, దీవుల మధ్య పల్లపు నేల మెల్లిగా నివాసానికి పనికొచ్చింది. అట్లాంటి నేల మీదే మనవాళ్ళు ఇళ్ళు వేసుకున్నారు. తర్వాత గల్లీలకు నంబర్లు పడ్డాయి. కట్టడం పనుల తర్వాత బట్టల మిల్లులు వచ్చాయి. మగ్గం తెలిసిన పద్మశాలి కుటుంబాలు, ఇంకా ఎన్నో కులాలవాళ్ళు తెలంగాణ నుంచి బొంబాయి దారి పట్టారు. మా పెద్దలు కూడా ఆ దారినే వచ్చారు.

ఇక చాయ్. వచ్చినవాళ్ళ పల్లెల్లో చాయ్ తాగే అలవాటు లేదు. పొద్దున అంబలి, గట్క, మజ్జిగ, అంతే. అస్సాంలో బ్రిటిష్ తోటలు 1830ల చివర మొదలయ్యాయి. ఆ తోటల్లో పనికి తీసుకుపోయిన కూలీల్లో మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం, విశాఖపట్నం జిల్లాలవాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళలో తెలుగువాళ్ళూ ఉన్నారు. వాళ్ళ మనవలు, మునిమనవలు ఈనాటికీ అస్సాంలో ఉన్నారు. ఒప్పందం మీద పోయినవాడు మధ్యలో పని వదిలేస్తే శిక్ష వేసేందుకు 1859 నాటి చట్టం ఒకటి ఉండేది. అంటే మనవాళ్ళు చాయ్ తాగడం నేర్వక ముందే చాయ్ ఆకు కోయడం నేర్చారు.

ఆ ఆకుకు గిరాకీ పెంచడానికి 1903లో టీ సెస్ చట్టం వచ్చింది. దేశం దాటే ప్రతి పౌండు చాయ్ మీద పావు పై చొప్పున పన్ను. రూపాయికి 192 పైలు, అందులో ఒక్క పైలో నాలుగో వంతు! చిన్న లెక్కే, కానీ కోట్ల పౌండ్ల మీద కూడితే పెద్ద మొత్తం. ఆ డబ్బంతా ప్రచారానికి. మరుసటి ఏడు, 1904లో, అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో ప్రపంచ ప్రదర్శన జరిగింది. అక్కడ మన దేశపు చాయ్‌ని ప్రచారం చేసిన అధికారి రిచర్డ్ బ్లెచిండెన్. మండే ఎండలో వేడి చాయ్ ఎవరూ ముట్టకపోతే అందులో బరఫ్ వేయించి పంచాడనీ, అక్కడినుంచే ఐస్‌టీకి పేరొచ్చిందనీ చెబుతారు. నిజానికి 1879లోనే అమెరికాలో అచ్చయిన వంటల పుస్తకంలో ఐస్‌టీ చేసే పద్ధతి ఉంది. కాబట్టి ఆయన దాన్ని కనిపెట్టలేదు, బాగా అమ్మాడు. ఆయన అమ్మింది మాత్రం మన దేశపు ఆకు.

అదే ప్రచారం మనవైపు తిరిగినప్పుడు మొహం మారింది. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో ఫ్యాక్టరీల్లో, బొగ్గు గనుల్లో, బట్టల మిల్లుల్లో చాయ్ దుకాణాలు పెట్టించారు. అలసిన కూలీ ఒక కప్పు తాగితే మళ్ళీ మగ్గం దగ్గరికి పోతాడని లెక్క. అమెరికావాళ్ళకు చల్లటి చాయ్ ఒక సరదా అయింది, మన మిల్లు మనిషికి వేడి చాయ్ పనిలో భాగమైంది. మా తాతల కాలానికి చాయ్ లేని షిఫ్టు లేదు.

బరఫ్ దారి ఇంకా విచిత్రం. 1833లో టస్కనీ అనే ఓడ అమెరికాలోని బోస్టన్ నుంచి 180 టన్నుల మంచుగడ్డలతో బయలుదేరింది. చలికాలంలో గడ్డకట్టిన చెరువుల నుంచి కోసిన గడ్డలు అవి. నాలుగు నెలల ప్రయాణం చేసి కలకత్తా చేరేసరికి దాదాపు 100 టన్నులు మిగిలాయి. ఆ వ్యాపారి ఫ్రెడరిక్ ట్యూడర్. గడ్డలు కరగకుండా ఆయన నమ్ముకున్నది రంపపు పొట్టు. మద్రాసులో 1842లో కట్టిన ఐస్‌హౌస్ ఇప్పటికీ వివేకానంద భవనంగా నిలిచి ఉంది. బొంబాయిలో కూడా ఒక ఐస్‌హౌస్ ఉండేది. అయితే ఆ బరఫ్ దొరల బల్లల మీదికీ, పెద్ద పారసీల విందులకూ పోయేది. 19వ శతాబ్దం చివరికి ఇక్కడే యంత్రాలతో గడ్డ కట్టించడం వచ్చాక గానీ గల్లీ దాకా దిగలేదు. దిగినప్పుడు కూడా అదే రంపపు పొట్టులో, గోనెసంచి చుట్టుకుని దిగింది. బోస్టన్ ఓడలో వాడిన ఉపాయాన్నే మా గల్లీ మూల బరఫ్ దుకాణంవాడూ వాడేవాడు. సూదితో పొడిచి, పావలాకింత అని చేతిలో పెట్టేవాడు.

ఇక పండు. ఇది మాత్రం ఓడలో రాలేదు. కొంకణం నుంచి కోకం, నేరేడు, మామిడికాయ వచ్చేవి. చౌపాటీలో గోలా బండి మీద నల్లగా, పుల్లగా పోసే కాలా ఖట్టాలో నేరేడు రుచే ఉంటుంది. మరాఠీ పొరుగువాళ్ళు వేసవిలో మామిడికాయ ఉడికించి పన్హం చేస్తారు. మేము బడిలో కన్నడ మాధ్యమంలో చదివాం. తెలుగు అక్షరాలు ఇంట్లో, కన్నడ లిపి పక్కన పెట్టుకుని నేర్చుకున్నాం. అందుకేనేమో పేర్లు వెంటనే పక్కపక్కన కనబడతాయి. మన నేరేడు కన్నడలో నేరళె, మరాఠీలో జాంభుళ్. కోకంను కన్నడంలో మురుగల అంటారు. మా ఇంట్లో దానికి తెలుగు పేరు లేదు, కోకం అనే అంటాం. పేరు లేని పండును కూడా ఇంటిది చేసుకోవడమే వలస బతుకు.

ఈ మూడూ మా చాల్‌లో ఎట్లా కలిశాయంటే, కారణం పాలు. 1949లో ఆరే కాలనీ పెట్టాక బొంబాయిలో సర్కారు పాలు బూత్‌లలో కార్డు మీద వచ్చేవి. పొద్దున లైన్లో నిలబడి తెచ్చిన పాలు పిల్లలకూ, పొద్దుటి చాయ్‌కీ సరిపోయేవి. మధ్యాహ్నానికి మిగిలేది నల్ల చాయ్. రాత్రి షిఫ్టు చేసి వచ్చిన మగవాళ్ళు పది మంది ఉన్న గదిలో, రేకు కింద పగటి నిద్రపోయి ఉక్కతో లేచేవాళ్ళు. వాళ్ళకు వేడిది ఇవ్వబుద్ధి కాక మా నాయనమ్మ వడగట్టిన డికాషన్‌ని కుండ పక్కన చల్లారబెట్టి, కోకం నీళ్ళు పోసి, బరఫ్ దొరికిన రోజు రెండు ముక్కలు వేసి ఇచ్చేది. దానికి ఆమె పెట్టిన పేరు "సల్లటి చాయ్", అంతే. ఐస్‌టీ అనే మాట ఆమె ఎప్పుడూ వినలేదు.

మీరు కూడా చేసుకోండి. నాలుగు గ్లాసులకు:

పన్నెండు కోకం తొక్కలు కడిగి, గ్లాసు వేడి నీళ్ళలో అరగంట నానబెట్టాలి. కొన్ని తొక్కలకు ఉప్పు పట్టించి అమ్ముతారు, అందుకే కడగమంటున్నాం. 600 మి.లీ. నీళ్ళు మరిగించి, స్టవ్ ఆర్పి, మూడు చిన్న చెంచాల చాయ్ పత్తి వేసి మూడు నిమిషాలు మూత పెట్టాలి. మనకు అలవాటైనట్టు పత్తిని నీళ్ళలో మరిగించకండి, చల్లారాక వగరు ఎక్కువవుతుంది. వడగట్టి, వేడి ఉండగానే నాలుగు పెద్ద చెంచాల చక్కెర కరిగించాలి, చల్లటి దాంట్లో అది అడుగున కూర్చుంటుంది. ముందు బయటే చల్లారనివ్వండి. చిక్కటి డికాషన్‌ని వేడివేడిగా ఫ్రిజ్‌లో పెడితే మసకబారుతుంది, అది పాడైనట్టు కాదు, కొంచెం వేడి నీళ్ళు పోస్తే తేటపడుతుంది. ఆఖరున కోకం నీళ్ళు, చిటికెడు నల్ల ఉప్పు, వేయించిన జీలకర్ర పొడి. పాలు మాత్రం వద్దు, పులుపుకు విరిగిపోతాయి. కోకం దొరకని ఊళ్ళో ఉడికించిన మామిడికాయ గుజ్జు గానీ, బత్తాయి రసం గానీ వేయండి.

బరఫ్ ఇంట్లో కట్టిందే వాడండి. బజారు గడ్డ చేపలు నిల్వ పెట్టేది కూడా కావచ్చు. 2018లో మహారాష్ట్రలో తినడానికి కాని బరఫ్‌కు నీలం రంగు కలపాలని ఆదేశం వచ్చింది ఇందుకే.

ఇదంతా ఇప్పుడు రాయడానికి కారణం ఉంది. మ్హాడా చేతి మీదుగా కామాటిపురను మొత్తం కూల్చి తిరిగి కట్టే పథకం నడుస్తోంది. మంచి ఇళ్ళు రావాలి, అందులో మాకు రెండో మాట లేదు. పది మంది ఒక గదిలో పడుకున్న రోజులు తిరిగి రావాలని ఎవరం కోరుకోం. కానీ బయటివాళ్ళకు కామాటిపుర అంటే ఒకే ఒక అర్థం మిగిలింది. మన పిల్లలు కూడా ఎక్కడివాళ్ళని అడిగితే "బాంబే సెంట్రల్ దగ్గర" అని తప్పించుకుంటారు. ఊరు కట్టినవాళ్ళ పేరు ఊరి పేరులోనే ఉంది, అయినా దాచుకోవాల్సి వస్తోంది. పెద్ద పెద్ద మాటలు చెబితే పిల్లలు వినరు. చల్లటి గ్లాసు చేతిలో పెట్టి, ఈ ఆకు ఎవరు కోశారో, ఈ బరఫ్ ఎక్కడినుంచి నడిచొచ్చిందో, నాయనమ్మ దీన్ని ఎవరి కోసం కలిపిందో చెబితే కాస్త వింటారు.

మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళు ఎండాకాలం ఏం కలిపి ఇచ్చేవాళ్ళో అడిగి రాసి పెట్టుకోండి. షోలాపూర్‌లో ఒకటి ఉంటుంది, భివండీలో ఒకటి, సూరత్‌లో ఇంకొకటి. వాళ్ళు ఉండగానే అడగండి.