మన వీధిలో మూడు కొలతల పానాలు

పనికి తగిన పనిముట్టు బజారులో దొరక్కపోతే ఉన్నదాంతో చేసుకోవడం మన ప్రాంతానికి కొత్త కాదు. పొందూరు సన్న ఖద్దరుకు పత్తిని శుభ్రం చేయడానికి వాలుగ చేప దవడ ఎముకను వాడతారన్న సంగతి సభ్యులందరికీ తెలిసినదే. మా తరంలో కొందరం అదే ఒడుపును పాత మోటారు కార్ల మీద చూపించవలసి వచ్చింది. డబ్బు ఇబ్బంది ఒక్కటే అందుకు కారణం కాదు. దాని వెనుక కొంత చరిత్ర ఉంది. ఆ చరిత్ర నాకు ఒక నట్టు దగ్గర బోధపడింది.

1979 జూన్ 1న విజయనగరం జిల్లా ఏర్పడ్డాక శ్రీకాకుళం నుంచి బదిలీపై వచ్చిన గుమస్తాలలో నేనొకణ్ణి. పదేళ్ల తరువాత మా బావగారూ నేనూ చెరి సగం వేసుకుని ఒక పాత అంబాసిడర్ కొన్నాం. కొన్న నెలకే వాటర్ పంపు కారడం మొదలుపెట్టింది. ఆదివారం పూట పక్కింటి ఫియట్ యజమాని దగ్గర పానాలు అరువు తెచ్చుకుని కూర్చున్నాను. 12 నంబరు పానా నట్టుకు ఎక్కలేదు, 13 వేస్తే జారిపోయింది. నా చేతకానితనమే అనుకుని బలం ఉపయోగించాను. నట్టు మూలలు అరిగాయి, నా వేలి చర్మం ఊడింది.

ఎదురింట్లో నెల్లిమర్ల జూట్ మిల్లులో ఫిట్టరుగా చేసి రిటైరైన పెద్దాయన ఉండేవారు. అరుగు మీంచి చూసి, "ఏటి బాబూ, అది అంగుళాల నట్టు. మిల్లీమీటర్ల పానా ఎలా పడతాదనుకున్నావేటి?" అన్నారు. లోపలికి వెళ్లి తన పానా తెచ్చారు. దాని మీద పావు అంగుళం అని ఉంది. నట్టు చూస్తే అర అంగుళం. ఆయన పానా నోరు నట్టు కన్నా కొంచెం పెద్దది. విరిగిన హాక్సా బ్లేడు ముక్కను ఆ సందులో దూర్చి తిప్పితే నట్టు బుద్ధిగా ఊడివచ్చింది.

ఇంత గందరగోళం ఎందుకని తరువాత పుస్తకాలు తిరగేశాను. ఇంగ్లండులో జోసెఫ్ విట్‌వర్త్ 1841లో మరలకు ఒక ప్రామాణిక కొలత ప్రతిపాదించాడు. ఆ పద్ధతిలో పానా మీద వేసే అంకె బోల్టు మందానిది, పానా నోటిది కాదు. అందుచేత పావు అంగుళం పానా నోరు 0.525 అంగుళం ఉంటుంది. మన దేశపు జూట్ మిల్లుల యంత్రాలు ఎక్కువగా స్కాట్లాండులోని డండీ పరిసరాల నుంచి వచ్చినవి కనుక ఫిట్టర్ల సంచిలో ఈ పానాలే ఉండేవి. రెండో ప్రపంచ యుద్ధంలో ఒక దేశపు మర మరొక దేశపు యంత్రానికి పట్టక మిత్రదేశాలు నానా ఇబ్బంది పడ్డాయి. దాంతో 1948లో అమెరికా, బ్రిటన్, కెనడా కలిసి అంగుళాలలోనే ఒక ఉమ్మడి మరను ఒప్పుకున్నాయి. మారిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాపై 1950ల చివర వచ్చిన మన అంబాసిడర్ ఇంజను ఈ కొత్త లెక్కది. ఇటలీ సంతతి ఫియట్‌దేమో మిల్లీమీటర్ల లెక్క.

అర అంగుళం అంటే 12.7 మిల్లీమీటర్లు. ఫియట్ పానా 13, ఫిట్టరు గారి పానా 13.3. హాక్సా బ్లేడు మందం ఇంచుమించు 0.6. ఆయన దూర్చిన ముక్క లెక్క వేసినట్టు సరిపోవడంలో ఆశ్చర్యం లేదు. 13 నంబరు పానాకైతే పాలపొడి డబ్బా రేకు ముక్క చాలు. 1957 ఏప్రిల్ 1 నుంచి అణాలు పోయి నయాపైసలు వచ్చాయి, తరువాత వీశెలు పోయి కిలోలు వచ్చాయి. కార్ల నట్లు మాత్రం ఎవరి లెక్క వారిదే. విజయనగరంలో మా ఒక్క వీధిలోనే మూడు కొలతల పానాలు ఉండేవి.

ఆ రోజు నుంచి ఆయన నాకు గురువు. చెయ్యి పట్టని చోట నట్టు జారిపోకుండా పానా నోట్లో కాస్త గ్రీజు రాసి అంటించడం, కింద పడిన వాషరును గొడుగు కమ్మి కొక్కెంతో లాగడం, పన్నెండు వోల్టుల బల్బుకు రెండు తీగలు కట్టి కరెంటు ఎక్కడ ఆగిందో వెతకడం, పెట్రోలు ట్యాంకు చెమ్మగిల్లితే ఊరు చేరేదాకా బట్టల సబ్బు మెత్తడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. స్పార్కు ప్లగ్గు సందు 0.025 అంగుళం ఉండాలి. కొలబద్ద లేనప్పుడు ఆ హాక్సా బ్లేడే మాకు ఆధారం.

నా సొంత తెలివి ఒకటి బెడిసికొట్టింది. కార్బురేటరు జెట్టులో నలుసు అడ్డుపడితే ఆఫీసు అలవాటు కొద్దీ గుండుసూదితో పొడిచాను. జెట్టు మెత్తటి ఇత్తడి, సూది ఉక్కు. రంధ్రం పెద్దదై పెట్రోలు ఖర్చు పెరిగింది, కొత్త జెట్టు కోసం విశాఖపట్నం పోవలసి వచ్చింది. అక్కడ గాలి ఊదాలి, లేదా చీపురు పుల్ల వాడాలి.

రెండోది మరీ పెద్ద తప్పు. జాకీ తీసేసి కారును ఇటుకల మీద నిలిపి మా బావగారు కిందికి దూరబోయారు. ఫిట్టరు గారు ఒక్క కేక వేసి ఆయన కాలు పట్టి వెనక్కి లాగారు. మరి కాసేపటికి ఒక ఇటుక పగిలి కారు ఒరిగింది. అప్పుడాయన చెప్పిన మాట నేటికీ మరువలేదు: "తిప్పే పనిముట్టు నువ్వు చేసుకో బాబూ, మోసేది మాత్రం చేసుకోకు." బ్రేకులకు కూడా అదే నియమం పెట్టుకున్నాను. అటుపైన ఇనుప స్టాండ్లు కొన్నాం. ఊడదీసిన చక్రాన్ని కూడా కారు కిందికి తోసి ఉంచేవాళ్లం.

2014లో అంబాసిడర్ తయారీ ఆగింది. మా కారు అంతకుముందే పాత ఇనుము లెక్కన పోయింది, ఫిట్టరు గారూ వెళ్లిపోయారు. బ్లేడు ముక్క మాత్రం నా దగ్గరుంది. మనవళ్ల కొత్త కార్లలో మనం వేలు పెట్టే పని పెద్దగా లేకపోయినా, ఇంట్లో ఏ నట్టు తిప్పబోయినా ముందు అది ఏ కొలతదో చూడమని వాళ్లకు చెబుతూ ఉంటాను. సభ్య మిత్రులలో ఎవరింటనైనా ఇటువంటి చేతి పనిముట్లు ఉంటే, వాటి కథ రాసి సంచికకు పంపవలసిందిగా మనవి.