నాన్నగారి గుండెలో లోహం

ఉమ్ సలాల్ నుంచి మాట్లాడుతున్నాను. బర్జాన్ బురుజులు మా ఇంటికి దగ్గరే. ఆ మధ్య చలికాలంలో నాన్నగారు భీమవరం నుంచి మా దగ్గరికి వచ్చారు. అంతకు ఐదు నెలల ముందే ఆయన గుండె రక్తనాళంలో స్టెంటు వేశారు. వచ్చిన పదోరోజున ఆయన సంచీ సర్దుతుంటే మందుల అట్టలు విప్పకుండా అలాగే కనిపించాయి.

"ఇదేమిటి నాన్నగారూ?" అన్నాను.

"ఒరే అబ్బాయ్, ఆ లోహమేదో లోపల అతుక్కుపోయింది కదా, ఇంకా మాత్రలెందుకురా?" అన్నారు.

వెంటనే ఆయన డాక్టరుగారికి ఫోన్ చేసి, ఆయన చెప్పినట్టే మందులు మళ్ళీ మొదలుపెట్టించాను. కానీ నాన్నగారి ప్రశ్న నన్ను వదల్లేదు. లోహం ఒంట్లో ఎలా ఇముడుతుంది? ఈ ప్రశ్న వెంటబడి నేను చదువుకున్నదే ఇవాళ్టి ప్రసంగం.

ఈ కథలో విమానాలు, క్షిపణులు కూడా ఉన్నాయి. రెండో ప్రపంచయుద్ధంలో విమానం అద్దం పగిలి, ఆ ప్లాస్టిక్ ముక్కలు పైలట్ల కళ్ళల్లో గుచ్చుకున్నాయి. అవి కంట్లోనే ఉండిపోయినా కన్ను పెద్దగా వాచకపోవడం హెరాల్డ్ రిడ్లీ అనే లండన్ డాక్టరు గమనించారు. 1949లో అదే రకం ప్లాస్టిక్‌తో కటకం చేయించి శుక్లాల రోగి కంట్లో పెట్టారు. ఇవాళ మన అమ్మమ్మలకీ తాతయ్యలకీ కంట్లో వేసే లెన్సుకు మొదలు అక్కడే.

గుండె స్టెంటు తర్వాతి తరానిది. 1986లో ఫ్రాన్సులో మొదటిసారి మనిషి గుండె నాళంలో వేశారు. మన దేశానికి వచ్చేసరికి దిగుమతి ధర సామాన్యుడికి అందేది కాదు. అప్పుడు హైదరాబాదులో ఇద్దరు కలిశారు. ఒకరు క్షిపణుల శాస్త్రవేత్త అబ్దుల్ కలాం, ఇంకొకరు గుండె వైద్యులు సోమరాజు. రక్షణ ప్రయోగశాలల్లో లోహాల మీద సంపాదించిన పనితనం వైద్యానికి ఎందుకు పనికిరాకూడదన్నది వాళ్ళ ఆలోచన. ఆ కృషి ఫలితమే 1998లో వచ్చిన కలాం-రాజు స్టెంటు. నిమ్స్‌లో పోలియో పిల్లలు మూడు కిలోలకు పైగా బరువున్న కాలిపర్లు ఈడ్చుకుంటూ నడవడం చూసి, అగ్ని క్షిపణి కోసం తయారైన తేలికపాటి పదార్థంతో 300 గ్రాముల కాలిపర్లు చేయించింది కూడా కలాం గారి బృందమే.

అయితే కాలిపరు ఒంటి బయట ఉండేది. దానికి బరువు తగ్గిస్తే చాలు. ఒంటి లోపల పెట్టేదానికి పరీక్షలు వేరు. ఈ ఎడారి ఊళ్ళో, సముద్రపు గాలికి మా మేడమీది ఇనుప గ్రిల్లు రెండేళ్ళలో తుప్పు పట్టింది. మన రక్తమూ ఉప్పునీరే. అందుకే వైద్యానికి వాడే స్టీలులో క్రోమియం, నికెల్, మాలిబ్డినం కలుపుతారు. క్రోమియం గాలి తగలగానే కంటికి కనిపించనంత పల్చటి పొర కట్టి లోహాన్ని కాపాడుతుంది. ఉప్పు ఆ పొరను తూట్లు పొడవకుండా మాలిబ్డినం అడ్డుపడుతుంది.

తుప్పు పట్టకపోతే సరిపోయిందా అంటే, లేదు. లోహం తగలగానే రక్తం గడ్డకట్టాలని చూస్తుంది. నాళం గోడ గాయం మానుతూ మానుతూ కొందరిలో అతిగా పెరిగి దారి మళ్ళీ మూసేస్తుంది. దీన్ని ఆపడానికే 2002 ప్రాంతంలో మందు పూసిన స్టెంట్లు వచ్చాయి. ఆ మందు పెరుగుదలను ఆపుతుంది, కానీ లోహం మీద నాళపు పొర కప్పుకోవడాన్ని కూడా ఆలస్యం చేస్తుంది. పొర కప్పుకునే దాకా అక్కడ గడ్డ కట్టే ప్రమాదం ఉంటుంది. నాన్నగారు మానేసిన మాత్రలు కాపలా కాస్తున్నది సరిగ్గా ఆ రోజుల్లోనే!

ధర సంగతీ చెప్పాలి. 2017 ఫిబ్రవరిలో మన ప్రభుత్వం స్టెంట్లకు గరిష్ఠ ధర కట్టింది. మామూలు లోహపుదానికి 7,260 రూపాయలు, మందు పూసినదానికి 29,600. అంతకుముందు మందు పూసినది లక్ష దాటి అమ్మిన రోజులున్నాయి. కలాం, సోమరాజు గార్లు ఇరవై ఏళ్ళ ముందు పట్టుకున్న సమస్య అదే.

ఇదంతా నాన్నగారికి చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, "అయితే అది అతుక్కుపోలేదన్నమాట, ఇంకా సర్దుకుంటోందన్నమాట" అన్నారు. ఇప్పుడు రాత్రి భోజనం కాగానే తనే మందుల డబ్బా అడిగి తీసుకుంటారు.

ఈ వారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు మీరూ ఒక్కమాట అడగండి. స్టెంటు వేయించుకున్న పెద్దవాళ్ళుంటే మందులు వేసుకుంటున్నారో లేదో కనుక్కోండి. ఎప్పుడు ఆపాలో వాళ్ళ డాక్టరుగారే చెప్పాలి. సెలవు.